గడప దాటని వాననీళ్ళు

కందిమెట్ల మునిసిపాలిటీలో మురుగుకాలువలు బాగుచేసే గ్యాంగులు చాలా ఉన్నాయి గానీ, తెలివైన గ్యాంగు మాత్రం ఒక్కటే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. ఆ గ్యాంగువాళ్ళే అనుకున్నారు. అనుకుని ఊరుకోకుండా టీకొట్టు దగ్గర రోజూ ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. అడిగినవాళ్ళకి చెప్పేవారు, అడగనివాళ్ళకి ఇంకాస్త వివరంగా చెప్పేవారు.

గ్యాంగులో ముగ్గురు. తాతబ్బాయి, ధర్మరాజు, నూకరాజు. ముగ్గురూ తోడల్లుళ్ళు. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళని చేసుకుని, ఒకే రోజు పనిలో చేరి, ఒకే రకంగా ఆలోచించేవారు. పనిలో చేరిన రోజు వాళ్ళ మామగారు ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి, పైవాడు చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, సొంత తెలివి వాడారో ఉద్యోగం పోద్ది అని హెచ్చరించాడు. అంతే. ఆ రోజు నుంచి ముగ్గురూ సొంత తెలివిని జాగ్రత్తగా దాచుకున్నారు. ఎంత జాగ్రత్తగా అంటే, ఎక్కడ దాచారో వాళ్ళకే తెలీదు.

వీళ్ళ మీద మేస్త్రి బుల్లెబ్బాయి. ఇతని గర్వం ఇంకో రకం. పని చేయించడం అంటే మాట చెప్పడమే, మాట సరిగ్గా పడితే పని దానంతటదే అవుతుంది అని ఇతని నమ్మకం. అందుకని ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పేవాడు కాదు. మొదటిసారి ఏం చెప్పాడో గుర్తుపెట్టుకునేవాడూ కాదు. పాత మేస్త్రి ఈ గ్యాంగుని అప్పగించే రోజున బుల్లెబ్బాయి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, మానేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. గ్యాంగంటే అంత ప్రేమ కాబోలు అనుకున్నాడు బుల్లెబ్బాయి.

ఆ ఏడు వానాకాలం దగ్గరపడే కొద్దీ బుల్లెబ్బాయికి నిద్ర పట్టడం మానేసింది. కారణం అతని అక్క మంగతాయారు. ఆవిడ ఉండేది పల్లంవీధిలో. సంతవీధి నుంచి భూమి కింద వచ్చే మురుగు పైపు ఆవిడ ఇంటికి నాలుగడుగుల దూరంలో బయటికొచ్చి పెద్దకాలువలో కలుస్తుంది. అంటే, కలవాలి. ఏటా తొలివానకే ఆ పైపు పూడుకుపోయి, మురుగు ఎదురుతన్ని, వీధి నిండి, తిన్నగా మంగతాయారు ఇంట్లోకి వచ్చేది. ఆవిడ రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని, కోడిపుంజుని చంకన పెట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసేది. వస్తే దీపావళి దాకా ఉండేది.

తల్లి పోయాక బుల్లెబ్బాయిని చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే. అలాంటి మనిషి తన ఇంట్లో చుట్టంలాగా అరుగు చివర ఒదిగి కూర్చుని, వాన పడుతుంటే పల్లంవీధి వైపే చూస్తూ ఉంటే అతనికి కడుపు తరుక్కుపోయేది. అతని భార్య వరాలుకి కూడా తరుక్కుపోయేది గానీ, ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. పుంజు తెల్లవారకముందే ఆవిడ మంచం కింద కూసేది. ఆడపడుచు ఆవిడ కాచిన చారులో రోజూ ఉప్పు సరిచేసేది.

ఈ ఏడు మంగతాయారు తమ్ముణ్ణి పిలిచి ఒకే ఒక్క కోరిక కోరింది.

"నాకు చీరలొద్దు, సారెలొద్దురా తమ్ముడూ. ఈ ఒక్క ఏడు నా గడప పక్కన నేను పీటేసుకు కూచుని వాన చూడాల. ఆ గడప దాటి నీళ్ళు రాకూడదు. అంతే."

ఆ గడప ఆవిడ పెనిమిటి బతికుండగా టేకుతో చేయించింది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టుకునేది. బుల్లెబ్బాయి వంగి ఆ గడప ముట్టుకుని మాటిచ్చాడు. ఇంటికెళ్ళి వరాలుతో చెబితే, ఆ మాట నిలబడకపోతే వదినగారు ఇటు వచ్చే దారిలోనే తను అటు పుట్టింటికి పోతానని ఆవిడా మాటిచ్చింది.

ఇంకేముంది, మర్నాడే బుల్లెబ్బాయి గ్యాంగుని పల్లంవీధిలో దింపాడు. వీధి పక్కన వాననీటి కాలువ నిండా పూడిక ఉంది. అదంతా తీసి గట్టు మీద పోయండని చెప్పి టీకి వెళ్ళాడు. ముగ్గురూ పారలు పట్టి ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు. మధ్యాహ్నానికి కాలువ అద్దంలా ఉంది, గట్టు మీద పూడిక కుప్పలు ఇళ్ళ ముందు కొండల్లా ఉన్నాయి. బుల్లెబ్బాయి వచ్చి చూసి మురిసిపోయాడు. తర్వాత ముక్కు మూసుకుని, కుప్పలు ఇలా గట్టు మీద ఉంటే వీధివాళ్ళు ఊరుకోరు, రేపు పొద్దున నేను వచ్చేసరికి గట్టు మీద పిడికెడు మట్టి కనబడకూడదు అన్నాడు.

కనబడలేదు. పొద్దున్నే వచ్చి చూస్తే గట్టు ఊడ్చి ముగ్గు పెట్టుకునేలా ఉంది. కాలువ మాత్రం ఎప్పటిలాగే నిండుగా ఉంది.

"కాలవలోంది తియ్యమన్నారు, తీశామండి. గట్టు మీదది ఉండకూడదన్నారు, ఉంచలేదండి" అన్నాడు తాతబ్బాయి. "ఈ రెండు పనులూ ఒకదానికొకటి బాగా కలిసొచ్చాయండి. పారతో తోసేస్తే అక్కడే పడిపోయింది."

బుల్లెబ్బాయి కాసేపు ఆలోచించాడు. తను చెప్పిన రెండు మాటల్లోనూ తప్పు దొరకలేదు. అందుకని వాళ్ళని తిట్టలేదు. మళ్ళీ తీయించి, ఈసారి ట్రాక్టరు పెట్టి ఊరి బయట పోయించాడు. ట్రాక్టరు డ్రైవరుకి ఇది ముందే తట్టిందట గానీ, అతన్ని ఎవరూ అడగలేదు.

పైకాలువ అయింది. ఇక భూమి కింద పైపు. సంతవీధి చివర మ్యాన్‌హోలు మూత తీసి లోపలికి వెదురుబద్దలు తోయాలి. మూత తీసి ఉన్నప్పుడు ఎవరూ అందులో పడకుండా కాపలా ఉండాలి. బుల్లెబ్బాయి నూకరాజు చేతికి ఎర్రజెండా ఇచ్చి, మూత పక్కనే ఉండు, ఎవడు పిలిచినా మూత పక్కనుంచి కదలకు అని గట్టిగా చెప్పాడు. నూకరాజు కదలనని చేతిలో చెయ్యి వేశాడు.

కాసేపటికి ఆ మూత అంచు విరిగి ఉందని తాతబ్బాయి చూశాడు. విరిగిన మూతలు స్టోరుకి పంపాలని పాత ఆర్డరు ఉంది. అతనూ ధర్మరాజూ కలిసి మూతని ట్రాక్టరులోకి ఎక్కించి, తామూ ఎక్కారు. అంతే. నూకరాజు కూడా ఎర్రజెండాతో ట్రాక్టరెక్కి మూత పక్కన నిలబడ్డాడు. ట్రాక్టరు బజారంతా తిరిగి ఊరి అవతల స్టోరుకి చేరింది. దారి పొడుగునా నూకరాజు జెండా ఊపుతూ, ఆ మూత దరిదాపులకి ఎవర్నీ రానివ్వలేదు. స్టోరులో దించాక దాని పక్కనే నిలబడ్డాడు. స్టోరు కీపరు తలుపేసుకోవాలన్నా, రాత్రి మేస్త్రే వచ్చి చెప్పేదాకా కదల్లేదు.

ఈలోగా ఇక్కడ సంతవీధిలో నోరు తెరుచుకున్న మ్యాన్‌హోలు దగ్గర ఎవరూ లేరు. పెరుగు అమ్ముకునే చిట్టెమ్మ కొడుకు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ముందు చక్రం లోపలికి దిగింది, మనిషి ఇవతల పడ్డాడు, పెరుగు కుండ అవతల పడింది. మనిషికి దెబ్బ తగల్లేదు గానీ చిట్టెమ్మ గొంతు మునిసిపల్ ఆఫీసు మేడ మీదికి వినపడింది. దాంతో ఇంజనీరమ్మగారు స్వయంగా దిగి వచ్చింది.

ఆవిడ కొత్తగా వచ్చిన పిల్ల. ఓపిక ఇంకా మిగిలి ఉంది. గోతిలోకి మనిషనేవాడు దిగకూడదని ముందు గట్టిగా చెప్పింది. తర్వాత ఒక రబ్బరుబంతి తెప్పించి, పైపు బాగుందో లేదో చూసే పద్ధతి చెప్పింది. పైపు కంటే కాస్త చిన్న బంతిని ఈ పై మ్యాన్‌హోలులో వేసి నీళ్ళు వదలాలి. బంతి పల్లంవీధిలో కింది మ్యాన్‌హోలు దగ్గర తేలితే లైను శుభ్రంగా ఉన్నట్టు. తేలకపోతే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు. అడ్డం ఉంటే జిల్లా నుంచి మిషను తెప్పిస్తానంది. రేపు సాయంత్రం లోపల కింది మ్యాన్‌హోలులో నాకు బంతి కనబడాలి అని చెప్పి వెళ్ళింది.

బుల్లెబ్బాయి గ్యాంగుని పిలిచి అదే మాట ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు. రేపు సాయంత్రం లోపల కింది మ్యాన్‌హోలులో బంతి కనబడాలి.

మర్నాడు సాయంత్రం ఇంజనీరమ్మగారు వచ్చి కింది మూత తీయించి చూస్తే, బంతి నీళ్ళ మీద హాయిగా తేలుతోంది. బుల్లెబ్బాయికి ఆనందం ఆగలేదు. అక్క ఇంటి వైపు తిరిగి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఇంజనీరమ్మగారు కూడా సంతోషపడి, బంతి రావడానికి ఎంతసేపు పట్టిందని అడిగింది.

"కొంచెం ఆలస్యమైందండి" అన్నాడు ధర్మరాజు. "దారిలో టీ తాగామండి."

"బంతి వేసి టీకి వెళ్ళారా?"

"లేదండి. బంతి కూడా మాతోనే ఉందండి. చంకలో పెట్టుకుని తాగాను. తర్వాత ఇక్కడికొచ్చి మూత తీసి వేశానండి. మీకు కనబడాలన్నారు కదండీ. కనబడతా ఉంది."

ఇంజనీరమ్మగారు బుల్లెబ్బాయి వైపు చూసింది. బుల్లెబ్బాయి బంతి వైపు చూశాడు. కనబడుతూనే ఉంది మరి. ఆవిడ చాలా నెమ్మదిగా, చిన్నపిల్లలకి అన్నం పెట్టినట్టు, బంతిని పైన వేయాలి, అది పైపులోంచి దానంతటదే కిందికి రావాలి అని మళ్ళీ చెప్పి, తల పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బంతి పైన వేశారు. నీళ్ళు వదిలారు. బంతి బుడుంగున లోపలికి పోయింది. అందరూ పల్లంవీధికి పరుగెత్తి కింది మూత చుట్టూ కూర్చున్నారు. పొద్దెక్కింది. బంతి రాలేదు. ఇప్పుడు ఇంజనీరమ్మగారికి చెబితే మిషను తెప్పించేదే. కానీ చూడబోతే నైరుతి మూల మబ్బు కమ్ముతోంది, మిషను ఎప్పుడొస్తుందో తెలీదు, అక్క అప్పటికే పీట కడుక్కుని ఎండబెట్టుకుంది. బుల్లెబ్బాయి గ్యాంగు వైపు తిరిగాడు. బంతికి ఏం అడ్డమొచ్చిందో కనుక్కోండిరా అన్నాడు.

కనుక్కోవాలంటే లోపలికి ఎవరో ఒకరు వెళ్ళాలి. మనిషి దిగకూడదని ఆర్డరు. అందుకని ఇంకో బంతిని పంపారు.

రెండో బంతి కూడా తిరిగి రాలేదు. అదెక్కడుందో చూసి రమ్మని మూడోదాన్ని పంపారు. ఈ సంగతి తెలిసి బుల్లెబ్బాయి కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నాడు. లోపల చీకటి, ఒక్కొక్కటే వెళితే దారి తెలీక ఆగిపోతాయి, నలుగురితో కలిసి వెళితే ధైర్యంగా ఉంటుంది, ఒకేసారి ఎక్కువ పంపండి అన్నాడు. ఇంకేముంది, బజారులో బొమ్మలకొట్టు ఖాళీ అయిపోయింది. బంతులు అయిపోయాక తాతబ్బాయి సంతలోకి వెళ్ళి గుండ్రంగా ఉన్నవన్నీ ఏరుకొచ్చాడు. బత్తాయిలు వెళ్ళాయి. కొబ్బరిబోండాలు వెళ్ళాయి. చివరికి గుమ్మడికాయలు కూడా వెళ్ళాయి. పైపులో ఇక చోటు లేక ఆఖరి గుమ్మడికాయ మూతి దగ్గరే ఇరుక్కుని బయటికి చూస్తూ ఉండిపోయింది.

"ఇంక ఏదీ దూరడం లేదండి" అన్నాడు ధర్మరాజు. "లోపల అందరూ కలుసుకున్నట్టున్నారండి."

అప్పుడు మొదలైంది వాన. మామూలు వాన కాదు, చూరు కింద నిలబడినా తడిపేసే వాన. సంతవీధిలో నీళ్ళు మోకాలి దాకా లేచాయి. పై మ్యాన్‌హోలు దగ్గర సుడి తిరుగుతున్నాయే తప్ప కిందికి దిగడం లేదు. బుల్లెబ్బాయి కళ్ళ ముందు అక్కే కనబడింది. చిన్నప్పుడు వానలో తనని కొంగు కింద పెట్టుకుని బడికి తీసుకెళ్ళిన అక్క. ఇప్పుడు మురుగులో నిలబడి పుంజుని నెత్తి మీద పెట్టుకుని ఉంటుంది అనుకునేసరికి అతనికి ఏడుపొచ్చింది.

"ఒరే, మీరు ముగ్గురూ పల్లంవీధికి పరుగెత్తండి" అన్నాడు. "ముందు మా అక్కని మా ఇంటికి చేర్చెయ్యండి."

వాళ్ళు పరుగందుకున్నారు. అంతలో అతనికి తనిచ్చిన మాట గుర్తొచ్చింది. వానలో గొంతు చించుకుని వెనకనుంచి అరిచాడు.

"ఏది ఏమైనా సరే, ఆవిడ తన గడప పక్కనే కూచుని వాన చూడాల. నీళ్ళు ఆ గడప దాటకూడదు. నేను మాటిచ్చాను."

ముగ్గురూ ఆగి, మూడు మాటలూ విని, తలలూపి, వానలో కలిసిపోయారు.

బుల్లెబ్బాయి ఒక్కడే మిగిలి, మ్యాన్‌హోలు పక్కన నడుంలోతు నీళ్ళలో నిలబడి ఇంటిదేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. సంతవీధి నీళ్ళన్నీ వచ్చి ఆ గుమ్మడికాయ నెత్తి మీద పడుతున్నాయి. పడగా పడగా, భూమి లోపల ఎక్కడో పెద్ద త్రేనుపు లాంటి చప్పుడైంది. గుమ్మడికాయ మాయమైంది. దాని వెనకే నీళ్ళన్నీ బడబడా లోపలికి దిగడం మొదలుపెట్టాయి. చూస్తుండగానే సంతవీధి ఖాళీ అయింది.

అతను పల్లంవీధికి పరుగెత్తాడు. పైపు మూతిలోంచి పెద్దకాలువలోకి బంతులు దూకుతున్నాయి, బత్తాయిలు దూకుతున్నాయి, వాటన్నిటికీ ముందు, ఏళ్ళ తరబడి లోపల తిష్ఠ వేసిన గోనెసంచుల మూట ఒకటి బయటపడి కాలువలో కొట్టుకుపోతోంది. వీధి వీధంతా బయటికొచ్చి బంతులు ఏరుకుంటోంది. గొడుగు వేసుకుని వచ్చిన ఇంజనీరమ్మగారు కాలువలో తేలుతున్న కొబ్బరిబోండాలని చూసి, వీధిలో చుక్క నీరు నిలవకపోవడం చూసి, ఏమడగాలో తోచక, బాగా చేశారని చెప్పి వెళ్ళిపోయింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయపడి ఉంటుంది, పాపం.

బుల్లెబ్బాయి గుండె పొంగిపోయింది. పల్లంవీధి మొత్తంలో ఎక్కడా నీళ్ళు నిలవలేదు. మాట నిలబడింది. అక్కకి చెబుదామని ఆవిడ ఇంటికేసి నడిచాడు.

ఇల్లుంది. గోడలున్నాయి. గుమ్మం ఉండాల్సిన చోట పెద్ద కన్నం ఉంది. తలుపు తీసి గోడకి చేర్చారు, ద్వారబంధం పీకి దాని పక్కన పెట్టారు, గడప అసలు లేనే లేదు. ఈదురుగాలికి వాన జల్లు తిన్నగా వంటింటి దాకా కొడుతోంది. ఆ కన్నంలో ఎవరిదో మేక నిలబడి తీరిగ్గా వాన చూస్తోంది.

బుల్లెబ్బాయి ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలీదు. చేరేసరికి అరుగు మీద, పసుపూ బొట్లూ చెదరకుండా, టేకు గడప అడ్డంగా పెట్టి ఉంది. దాని పక్కన పీట. పీట మీద అక్క. అక్క ఒళ్ళో పుంజు. ముగ్గురు తోడల్లుళ్ళూ గునపాలు పట్టుకుని, పెళ్ళికొడుకుల్లా నిలబడి ఉన్నారు.

"మూడు మాటలు చెప్పారండి, మూడూ చేశాం" అన్నాడు తాతబ్బాయి. "అక్కగారిని మీ ఇంటికి చేర్చాం. గడప పక్కనే కూచోబెట్టాం. నీళ్ళు గడప దాటకూడదన్నారు. ఇంత ఎత్తు అరుగు మీద పెట్టాం, ఇంక ఎన్ని నీళ్ళొచ్చినా దాన్ని దాటలేవండి."

బుల్లెబ్బాయి తను చెప్పిన మాటలు ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మూడూ సరిపోయాయి. మాట నిలబడినట్టే ఉంది, నిలబడనట్టూ ఉంది. వెళ్ళి అక్క పక్కన నేల మీద కూలబడ్డాడు. తల ఎత్తలేకపోయాడు. ఆవిడ కొంగుతో అతని తల తుడిచింది.

"ఊరుకోరా. వాన బానే ఉంది" అంది. "గడపా నాదే. ఇల్లే కాస్త దూరమైంది."

ఆ మాటకి అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. లోపలినుంచి వరాలు వచ్చింది. ఒక చేతిలో ఆడపడుచుకి వేడి చారు, ఇంకో చేతిలో తన పుట్టింటికి సర్దుకున్న మూట. గడపని చూసింది, పుంజుని చూసింది, మొగుణ్ణి చూసింది. ఎంత ఒళ్ళు మండినా కేకలు వేసే మనిషి కాదు.

"గడప తెచ్చినోళ్ళు ఇల్లు కూడా తెచ్చేస్తే సరిపోయేదిగా" అంది.

అంతే. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేస్త్రిగారి భార్య అంటే మేస్త్రి కంటే పైవాడే. గునపాలు భుజాన వేసుకుని, మెట్లు దిగి, వానలో పల్లంవీధి వైపు నడిచారు.

బుల్లెబ్బాయి కళ్ళు తుడుచుకుని చటుక్కున లేచాడు. ఒరే ఆగండి, ఆగండి అని కేకేస్తూ వాళ్ళ వెనక పరుగెత్తాడు. ఇన్నాళ్ళకి ఈ మనిషికి బుద్ధొచ్చింది అనుకుని వరాలు మూట కింద పెట్టింది. మంగతాయారు కూడా దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

వీధి మలుపులో అతను వాళ్ళని అందుకున్నాడు. మేస్త్రి అన్నాక ముందుచూపు ఉండాలి.

"కప్పు ఆఖర్న తియ్యండిరా" అన్నాడు. "ముందే తీస్తే మా అక్క సామాను తడిసిపోద్ది. గోడల దగ్గర మొదలెట్టండి."